సాంచాలు ఆపి సముద్రానికి

కంపెనీల వాళ్లను గుంపులుగా రెండు మూడు రోజుల విహారయాత్రలకు తీసుకెళ్లడం నా ఉద్యోగం. ఠాణేలో చిన్న ఆఫీసు మాది. మా మేడమ్, నేను, బుకింగులు చూసే ఇద్దరు. బ్యాంకుల వాళ్లు వస్తారు, మందుల కంపెనీల వాళ్లు వస్తారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు వస్తారు. "స్టాఫ్ అంతా కలిసి ఎక్కడికైనా వెళ్లాలి, కొండయినా సరే, సముద్రమైనా సరే" అంటారు. బస్సులు, గదులు, భోజనాలు, ఆటలు, చివరి రోజు బహుమతులు మా బాధ్యత. ఎవరికి ఎవరితో గది కలిపితే గొడవో, ఎవరికి ఉల్లిపాయ పడదో, ఏ మేనేజరు పక్కన ఏ మేనేజరును కూర్చోబెట్టకూడదో ముందే అడిగి తెలుసుకుంటాను. వాళ్లు నీళ్లలో ఆడుకుంటుంటే నేను ఒడ్డున తలలు లెక్కపెడుతుంటాను. మహాబలేశ్వర్ ఎన్నిసార్లు వెళ్లానో నాకే తెలియదు. అక్కడ సూర్యాస్తమయం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ సమయానికి నేను వంటగదిలో ఉంటాను.

నేను పుట్టి పెరిగింది భివండిలో, నాగావ్‌లో. కరీంనగర్ వైపు పల్లె నుంచి మా బాపు పెళ్లికాక ముందే ఇక్కడికి వచ్చాడు. మా ఊళ్లో తండ్రిని బాపు అంటారు. ఇప్పటికీ ఆయన మరమగ్గాల మీద కూలికి పనిచేస్తున్నాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలు అంటారు. మా ఒంటిగది ఖోలీకి, ఆయన పనిచేసే షెడ్డుకి మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు తగిలించిన అద్దం పగలూ రాత్రీ అదురుతూనే ఉండేది. మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. కాలేజీలో చేరాక మొదటి వారం ఒక పిల్ల నన్ను "ఎవరి మీద అరుస్తున్నావ్?" అని అడిగింది. ఎవరి మీదా కాదు, నేను నీళ్లసీసా అడుగుతున్నాను.

ఆ షెడ్డు యజమాని నుంచే ఒకరోజు ఫోను వచ్చింది. ఆయనదీ మా వైపే. తాతల నాడే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నాగావ్‌లో మూడు నాలుగు షెడ్లు, మాన్కోలిలో బట్టల గోదాము, దాని మీద ఆఫీసు ఉన్నాయి. అందరూ సేటు అనే పిలుస్తారు.

"బిడ్డా, నువ్వు పెద్ద పెద్ద కంపెనీలోళ్లను తిప్పుతవంట గదా. మనోళ్లను ఎందుకు తిప్పవు?" అన్నాడు.

"మీరు తిప్పుతానంటే నేనెందుకు తిప్పను సేటూ. ఆఫీసు వాళ్లెంతమంది?"

"ఆఫీసోళ్లే గాదు. గోదాంల హమాలీలు, సాంచాలోళ్లు, కండెలు పట్టే ఆడోళ్లు, అందరు. మూడు దినాలు కార్ఖానా బంద్. కూలి గూడ ఇస్త."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. భివండిలో శుక్రవారం సెలవు తప్ప సాంచాలు ఆగడం నేను కరెంటు పోయినప్పుడు చూశాను, లాక్‌డౌన్‌లో చూశాను. జనాన్ని సముద్రానికి తీసుకెళ్లడానికి ఆపడం ఎన్నడూ చూడలేదు. మా మేడమ్ చిన్న పనివాళ్ల యాత్ర అని ముఖం చిట్లించింది గాని, గుంపు పెద్దదని తెలిశాక సరేనంది.

సేటు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఆఖరి దినం నేను వస్త. ఒక మంచి ఖబరు చెప్పేదున్నది. పెద్ద కేకు ఒకటి తెప్పించు. అప్పటిదాక అడగకు."

బోనసు ఏదో ప్రకటిస్తాడని అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు ఇష్టంగా ఉండింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకయితే ఒక మెయిల్ పంపితే అయిపోతుంది. ఇక్కడ ఇల్లిల్లూ తిరగవలసి వచ్చింది. మా ఎదురు ఖోలీలో ఉండే అత్త చాలా ఏళ్లుగా అదే షెడ్డులో కండెలు పడుతోంది. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తి పేక వేసే నాడెలో పెట్టే చిన్న కర్రలకు నూలు చుట్టడం ఆమె పని. వరసకు అత్త కాదు, పిలుపుకే అత్త. భర్త పోయాక కొడుకును ఆ కండెల మీదే పెంచింది. ఊరు, ఆసుపత్రి, పెళ్లిళ్లు తప్ప ఎక్కడికీ వెళ్లినది కాదు.

"ఇల్లిడిసి మూడు దినాలు ఉండుడేంది బిడ్డా? అక్కడ ఏం జెయ్యాలె?" అంది.

"ఏం చెయ్యొద్దు అత్తా. అదే యాత్ర."

"ఏం జెయ్యకుంట ఎట్ల ఉంటరు?"

నేనూ ఎప్పుడూ అలా ఉండలేదు. ఆడవాళ్లందరికీ ఒకచోటే గదులు ఇస్తానని, తలుపులకు లోపలి గడియలు ఉన్నాయో లేవో నేనే చూసి వచ్చానని చెప్పాక ఒప్పుకుంది. ఆమె ఒప్పుకున్నాక మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

బాపు మాత్రం అన్నం తింటూ అడిగాడు. "ఎందుకు తీస్కపోతున్నడు?"

"ఖుషీ కోసం బాపూ."

"మా ఖుషీకి సేటు సాంచాలు ఆపడు."

"నువ్వు రానంటే రాకు. కాని అందరూ వస్తున్నారు."

"రానంటలేను. ఎందుకు అని అడుగుతున్న."

అమ్మ రానంది. మోకాళ్ల నొప్పి, పైగా ఖోలీ ఖాళీగా ఉంచడం ఆమెకు ఇష్టం లేదు.

చలికాలం పొద్దున బస్సులు మాన్కోలి దగ్గర బయలుదేరాయి. ఆఫీసు వాళ్లకు ఏసీ బస్సు, మిగతావాళ్లకు మామూలు బస్సులు అని ఆఫీసు మేనేజరు ముందే విడదీసి పెట్టాడు. నేను కలపాలని చూశాను, ఆయన వినలేదు. నేను సాంచాల వాళ్ల బస్సులోనే ఎక్కాను. పన్వేల్ దాటకముందే డ్రైవరు భయపడి బస్సు పక్కకు ఆపాడు. "కాయ్ భాండణ్ చాల్లయ్ కా?" అన్నాడు వెనక్కి తిరిగి. గొడవ కాదు, వాళ్లు మామూలుగానే మాట్లాడుకుంటున్నారని నేను సర్దిచెప్పాను. మగ్గాల మోతలో బతికిన మనుషుల గొంతులని తెలిశాక నవ్వాడు. పెణ్ దగ్గర వడాపావ్ తిన్నాం. తిని బస్సెక్కే లోపల నేను వాళ్లను మూడుసార్లు లెక్కపెట్టాను.

అలీబాగ్ దాటాక ఒక పల్లెలో, సరుగుడు చెట్ల మధ్య మా రిసార్టు. నేను ప్రతి గంటకూ ఒక కార్యక్రమం రాసుకున్నాను. తాడు లాగుడు, కుర్చీలాట, పాటలు. గోదాము హమాలీలు తాడు లాగుడులో ఆఫీసు వాళ్లను ఒక్క గుంజుకు పడేసి ఇంకెవరున్నారని చూశారు. ఆ ఆట అంతటితో అయిపోయింది. కుర్చీలాటలో పాట ఆగినట్టు తెలియక సాంచాల వాళ్లు పాట లేకుండానే తిరుగుతున్నారు. నవ్వడానికి లేదు, ఆపడానికి లేదు. మైకు కింద పెట్టి చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. అప్పుడు బాగా ఆడారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ పడుకోమన్నాను. కాసేపటికే ఒక్కొక్కరూ బయటికి వచ్చేశారు.

"నిద్ర వస్తలేదు బిడ్డా" అన్నాడు బాపు తోటి నేతగాడు ఒకాయన. "గింత సప్పుడు లేకుంటె ఎట్ల పంటరు?"

రిసార్టు వెనక జనరేటరు ఉంది. ఎప్పుడూ అతిథులను దానికి దూరంగా పెట్టడానికి నానా తంటాలు పడేదాన్ని. ఆరోజు అటువైపు గదులకు మార్చమని వాళ్లే అడిగారు. రిసార్టు మేనేజరు నన్ను వింతగా చూశాడు. మార్చాక కొందరు నిజంగానే నిద్రపోయారు.

సాయంత్రం అత్త, మిగతా ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరసగా నీళ్లలోకి దిగారు. అల వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కసారే కేక వేసేవారు. అత్త చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, "బిడ్డా, కాళ్ల కింద ఇసుక గుంజుతున్నది, పట్టుకో!" అని నన్ను పిలిచింది. వస్తున్నానని చెప్పి వంటవాళ్ల దగ్గరికి వెళ్లాను.

బాపు ఒక్కడే ఒడ్డు వెంట నడుస్తున్నాడు. కొంత దూరం వెళ్లి వెనక్కి తిరిగి, మళ్లీ అంతే దూరం వెళ్లి తిరిగి. సాంచాల మధ్య నడిచే నడక అది. మెడ ఒకసారి అటు, ఒకసారి ఇటు. నేను పక్కన నడిచాను.

"సముద్రం ఎట్లుంది బాపూ?"

"మంచిగనే ఉంది. బుస్సుమంటదని అందరంటరు. నాకు గట్ల ఇనస్తలేదు. దూరంల ఎవడో నూలు చుట్టిన బీము దొర్లిస్తున్నట్టు ఇనస్తుంది."

చెవులు అంత పోయాయని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో అందరం అరుస్తాం కాబట్టి ఎన్నడూ బయటపడలేదు. డాక్టరుకు చూపిద్దాం అన్నాను. "ఎవరిని ఇనాలె ఇప్పుడు?" అని నవ్వి మళ్లీ నడవసాగాడు. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వెళ్లి రేపటి కార్యక్రమం అంతా మార్చి రాశాను, మార్చవలసిన అవసరం లేకపోయినా.

రెండో రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటున్నప్పుడు అమ్మ ఫోను చేసింది.

"బిడ్డా, గోడ అవుతల ఏంది గట్ల కొడుతున్నరు? అద్దం కింద పడి పలిగింది."

"ఎవరు కొడుతున్నారు అమ్మా? షెడ్డు బంద్ కదా?"

"బందేంది? టెంపోలు వచ్చినయి. క్రేను వచ్చింది. సుత్తెలతోని పలగ్గొడుతున్నరు. పాత ఇనుము కొనే భంగారోళ్లు ఉన్నరు. సాంచాలు ఊడదీసి ఎత్తుతున్నరు. బాపు నడిపేయి గూడ పోయినయి."

నేను సరుగుడు చెట్ల వెనక్కి వెళ్లి సేటుకు ఫోను చేశాను. ఆయన గొంతులో తొట్రుపాటు ఏమీ లేదు.

"అదే గదా మంచి ఖబరు" అన్నాడు. "పాత సాంచాలు తీసేస్తున్న. కొత్త మిషన్లు వస్తున్నయి, నాడె లేనియి. రేపు నేనొచ్చి చెప్త. కేకు చెప్పినవా?"

"వాళ్లు ఇక్కడున్నప్పుడు ఎందుకు తీస్తున్నారు సేటూ?"

"అక్కడుంటె తియ్యనిస్తరా? లొల్లి జేస్తరు, ఏడుస్తరు. గందుకే మంచిగ సముద్రం జూడుండ్రి అని తోలిన. ఖర్చు నేనే పెట్టుకున్న గదా."

"కొత్త మిషన్ల మీద ఎంతమందికి పని ఉంటుంది?"

"అందరికైతె ఉండదు. అది అప్పుడు చూద్దాం. నువ్వు ట్రిప్పు చూస్కో."

మా మేడమ్‌కు ఫోను చేశాను. "అది క్లయింటు సొంత విషయం. నువ్వు కలగజేసుకోకు. రేపు ఆయనే చెప్తాడు కదా" అంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఒక్క పూట ఊరుకుంటే చాలు. సాయంత్రం పాటల కార్యక్రమం ఉంది, వంటవాళ్లు చేపలు తెప్పించారు. నేను ఆ చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. తిరిగినకొద్దీ ఊరుకోవడం కష్టమైంది. నేను ఇల్లిల్లూ తిరిగి, గడియలు చూసి వచ్చి, వీళ్లను అక్కడ లేకుండా చేశాను. నాకు తెలియకుండా చేసినా, చేసింది నా పనే. తెలిశాక కూడా పాటలు పెట్టడం నా వల్ల కాదనిపించింది.

ముందు బాపును పక్కకు పిలిచి చెప్పాను. చెవి దగ్గర గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఆయన నా పెదవులు చూస్తూ విన్నాడు.

"నా ఒక్కనికి చెప్తె నేనేం జేసుకోవాలె? అందరికి చెప్పు" అన్నాడు.

ఆటల కోసం వేసిన చెక్క వేదిక ఎక్కి మైకు తీసుకున్నాను. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. షెడ్డులో ఏం జరుగుతోందో, సేటు ఏమన్నాడో, నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పాను. ముందు వరసలోని సాంచాల వాళ్లు వినపడక వెనకున్న హమాలీలను అడిగారు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చేతుల సైగలతో, పెదవులతో పాకింది. షెడ్డులో మోత మధ్య వాళ్లు మాట్లాడుకునే పద్ధతి అదే. తరవాత ఒక్కసారిగా లేచారు.

ఆఫీసు మేనేజరు వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "మీ మేడమ్‌తో మాట్లాడతా. నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు. ఆయన వెనక ఆఫీసు వాళ్లు ఒక్కొక్కరే గదుల్లోకి వెళ్లిపోయారు. గోదాము హమాలీలు మాత్రం వెళ్లలేదు. వాళ్ల పనికి ఏ ముప్పూ లేదు. అయినా పెద్ద మీసాల హమాలీ ఒకాయన బస్సు ముందు నిలబడి, "బస్సులు తియ్యుండ్రి! ఇప్పుడే పోదాం!" అని కేక వేశాడు. సగం మంది మూటలు సర్దుకోవడానికి పరుగెత్తారు.

అప్పుడు అత్త వేదిక మెట్టు మీద కూర్చుని అంది. "పొయ్యి ఏం జేస్తరు?"

"అడుగుతం!"

"మీరు పొయ్యేసరికి ఆడ ఏముంటది? ఇనుప ముక్కలు ఏరుకస్తరా? గేటు కాడ వాచ్‌మన్ నిలబడతడు. సేటు పైన ఆఫీసుల కూసుంటడు. రేపు రా, ఎల్లుండి రా అంటడు. ఆయన్నే ఈడికి రమ్మనుండ్రి. ఈడ గేటు లేదు, ఆఫీసు లేదు. ఇసుకల నిలబడి చెప్పుమనుండ్రి."

ఎవరూ వెంటనే ఒప్పుకోలేదు. పెద్ద వాదన జరిగింది. కొందరు ఆగలేక ఎర్రబస్సు పట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లను ఆపమని నాకెవరూ చెప్పలేదు, నేను ఆపలేదు. మిగిలినవాళ్లు అత్త మాట పట్టుకున్నారు. మళ్లీ నేనే సేటుకు ఫోను చేసి, ఆయన రాకుండా ఎవరూ బస్సెక్కరని చెప్పాను. ఆయన నన్ను తిట్టాడు. నా చదువును తిట్టాడు, మా బాపు తన ఉప్పు తిన్న మాట ఎత్తాడు. మిగతా షెడ్లలో సాంచాలు నడిపేవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు, వీళ్లు రాకపోతే అవీ తిరగవు అని గుర్తు చేశాను. పొద్దున్నే వస్తానని ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. చేపలు వండారు, ఎవరూ సరిగా తినలేదు. పాటల కోసం కుర్చీలు వేయించాను, మళ్లీ తీయించాను. ఎవరో ఒకరు వచ్చి "ఏమన్న ఖబరు వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నారు. బాపు ఒడ్డు వెంట నడుస్తూనే ఉన్నాడు. ఈసారి ఆయన వెంట ఇంకో పదిమంది నడుస్తున్నారు.

సేటు పొద్దున్నే వచ్చాడు. తెల్ల బూట్లతో ఇసుకలో నాలుగడుగులు వేసి, ఇంకా నడవలేక ఆగాడు. అందరూ కింద కూర్చుని ఉన్నారు. ఆయనకు కుర్చీ వెయ్యమని మేనేజరు అరిచాడు. హమాలీలు ఎవరూ లేవలేదు. చివరికి నేనే ఒక కుర్చీ తెచ్చి పెట్టాను. కాని ఆయన కూర్చోలేదు.

"నేనేమన్న దొంగనా?" అని మొదలుపెట్టాడు. "పాత సాంచాల బట్ట ఎవడు కొంటలేడు. సూరత్ మాల్ వచ్చి పడుతున్నది. మిషన్లు మార్చకపోతె ఇంకో రెండేండ్లకు నేను గూడ మునుగుత. మీరు గూడ మునుగుతరు."

ఆయన కళ్ల కింద నల్లగా ఉంది. అబద్ధం చెబుతున్నాడని నాకనిపించలేదు.

బాపు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. చెవులు వినపడవు కాబట్టి గొంతు చాలా పెద్దగా వచ్చింది.

"కొత్తయి తేవద్దని ఎవరన్నరు సేటూ? తెచ్చుకో. మేం లేని యాళ్ల ఎందుకు తీసినవు, గది చెప్పు."

"మీరు బాధ పడతరని..."

"బాధ పడుతుంటిమి. పడనియ్యకపోతివి. నా జీవితమంత వాటి కాడనే నిలబడ్డ. పొయ్యేటప్పుడు ఒక్కసారి చూస్కుందును. దానికి గూడ నీకు భయమా?"

సేటు సముద్రం వైపు చూశాడు. తరవాత తలవంచి, "తప్పయింది" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే సాంచాల వాళ్లెవరికీ వినపడలేదు. "ఏమన్నడు? ఏమన్నడు?" అని గుంపంతా అడిగింది. నేను మైకు అందించాను. ఆయన మళ్లీ చెప్పవలసి వచ్చింది, గట్టిగా.

ఆ తరవాత పనుల మాట మాట్లాడారు. కొత్త మిషన్లు నేర్చుకుంటామన్న వాళ్లకు కూలి ఇస్తూ నేర్పిస్తానని, చోటు చాలని వాళ్లను మిగతా షెడ్లలో సర్దుతానని, మానేస్తామన్న వాళ్లకు రావలసింది ఆపకుండా ఇస్తానని అందరి ముందు మైకులో ఒప్పుకున్నాడు. హమాలీలు సాక్షులమన్నారు. మాటలు అయ్యేసరికి ఎండెక్కింది. సరిగ్గా అప్పుడే అలీబాగ్ నుంచి కేకు వచ్చింది. దాన్ని వద్దని చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక తెచ్చినతను నిలబడ్డాడు. అత్త లేచి, "పిలగాడు ఎండల నిలబడ్డడు, దించుకోండ్రి" అంది. వంటింటి చాకుతో కోసి, మొదటి ముక్క బస్సు డ్రైవరుకు పెట్టింది. సేటుకూ ఒక ముక్క పెట్టింది. ఆయన కాదనలేదు.

భివండి చేరాక బాపు నేరుగా షెడ్డుకు వెళ్లాడు, నేనూ వెనకే వెళ్లాను. లోపల ఏమీ లేదు. నేల మీద ఒక్కో సాంచా ఉన్నచోట నూనె మరక, నాలుగు బోల్టుల గుంటలు. బాపు తన వరస దగ్గరికి వెళ్లి కొంచెంసేపు నిలబడి, "షెడ్డు ఇంత పెద్దగ ఉండెనా!" అన్నాడు. ఖోలీలో అమ్మ కూడా ఆ మాటే అంది, ఇంకోలా. "ఈ సప్పుడు లేకుంటె నాకు చెయ్యి ఆడుతలేదు."

సేటు మాట తప్పలేదు. బాపు కొత్త మిషను నేర్చుకోవడానికి వెళ్లాడు. నేర్పే కుర్రాడు హిందీలో మెల్లగా చెప్పేవాడు, బాపుకు సగం వినపడేది కాదు. కొన్నాళ్లకు తనే మానేసి, నాగావ్‌లోనే ఇంకొకరి దగ్గర పాత సాంచాల మీద కుదిరాడు. అవి ఎన్నాళ్లు ఉంటాయో ఎవరూ చెప్పలేరు. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చెవికి మిషను పెట్టించాను. రెండు రోజులు పెట్టుకుని, బస్సుల హారన్లు భరించలేక డబ్బాలో పెట్టేశాడు.

మేము ఎవరమూ అనుకోనిది ఒకటి జరిగింది. కొత్త మిషన్లకు నాడె లేదు. నాడె లేకపోతే కండె అక్కర్లేదు. కండెలు పట్టే ఆడవాళ్లకు అక్కడ నేర్చుకోవడానికి కూడా పని లేకుండా పోయింది, మిగతా షెడ్లలో కండెలకు ముందే మనుషులున్నారు. ఆరోజు ఇసుకలో అన్ని మాటలూ మాట్లాడాం, ఆ మాట ఒక్కటే ఎవరి నోటా రాలేదు. అందరినీ అక్కడ నిలబెట్టిన అత్త నోట కూడా రాలేదు. ఆమెకు రావలసింది ఆమెకు ఇచ్చారు. కొన్నాళ్లు ఇంట్లో ఉంది. ఉండలేక మాన్కోలిలో ఒక పెద్ద గోదాములో చేరింది. జనం ఫోన్లలో కొనుక్కునే సామాన్లను డబ్బాల్లో పెట్టి టేపు వేసే పని.

మా మేడమ్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు గాని, చాలా రోజులు ముఖం చూసి మాట్లాడలేదు. ఆ తరవాత కూడా గుంపులను తిప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు ఎవరు వచ్చినా ఒక ప్రశ్న అదనంగా అడుగుతాను. "వీళ్లందరూ ఇక్కడ లేనప్పుడు, అక్కడ మీ దగ్గర ఏం జరుగుతుంది?" చాలామందికి అర్థం కాదు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు మొదట నవ్వి, తరవాత నవ్వు ఆపి, తేదీలు మళ్లీ చెప్తానని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఈ మధ్య అత్త ఫోను చేసింది.

"బిడ్డా, మా కంపెనీ గూడ తీస్కపోతదంట. లోనావళా. రెండు దినాలు. పోవాల్నా, వద్దా?"

"ఎవరు ఏర్పాటు చేస్తున్నారు అత్తా?"

"నాకేం తెలుసు? కాయితం అతికిచ్చిండ్రు."

కనుక్కుంటానన్నాను. ఆ పని చేసేది వేరే ఏజెన్సీ. తెలిసినవాళ్లను అడిగాను, అడిగినవాళ్లు ఇంకొకరిని అడిగారు. ఎవరికీ ఏమీ తెలియదు. అత్త రెండు రోజులు ఆగి, "కొండలు నేను సూడలే, పోత" అని తనే తేల్చుకుంది.

వాళ్లు వెళ్లిన రోజు నాకు ఆఫీసులో ఏ పనీ సాగలేదు. మధ్యాహ్నం అత్త ఫొటో పంపింది. వెనక పొగమంచు, ఆమె చేతిలో మొక్కజొన్న కంకి. బాగుంది, నవ్వుతోంది. అది చూశాక కూడా నేను ఠాణే నుంచి బస్సెక్కి మాన్కోలిలో దిగాను. వాళ్ల గోదాము గేటు తెరిచే ఉంది. ట్రక్కులు వెనక్కి వస్తున్నాయి, వేరే షిఫ్టు వాళ్లు డబ్బాలు ఎత్తుతున్నారు. క్రేను లేదు, సుత్తెల మోత లేదు. అలాగే చూస్తూ నిలబడ్డాను.

వాచ్‌మన్ వచ్చి, "కిస్సే మిల్నా హై?" అని అడిగాడు.

ఎవరినీ కలవాలని రాలేదని చెప్పాను. అతను నమ్మలేదు. అయితే ఇక్కడ నిలబడొద్దన్నాడు. రోడ్డు దాటి అవతలి పక్క నిలబడ్డాను.